క్యాన్లు కడిగిన నీళ్ళు

లాల్‌దర్వాజాలో ఒక పాలవాళ్ళ ఇల్లు. బోనాలకు ఇంకా వారం ఉంది. పాలు పితికే వేళకు కొంచెం ముందు, అరుగు మీద నానమ్మ రుక్మాబాయి, ఇంటరు చదివే మనవరాలు నందిని.

"మళ్ళ చెప్పు. దానంతట అదే అయితదా?"

"అయితది నానమ్మా. స్పాంటేనియస్ అంటే గదే. ఎవ్వలు ఎనక నుంచి తోస్తనే ఉండే పని లేదు. మొదలైందంటే దానంతట అదే నడుస్తది."

"అయితే మీ నాయిన పొద్దుగాల లేచుడు స్పాంటేనియస్ కాదన్నట్టు. నేను రెండుసార్లు నీళ్ళు జల్లితే గని మంచం దిగడు."

"నానమ్మా! రేపు టెస్టుంది నాకు."

"ఉంటే ఉండనియ్యి. నాకు చెప్తే నీకే యాదుంటది. మీ నాయినకు ఎక్కాలు గిట్లనే వచ్చినయ్. పక్కన కూసోని నేను ఊఁ కొట్టుడు, ఆయన చెప్పుడు. నాకు పదమూడో ఎక్కం ఇయ్యాల్టికి రాదు, ఆయనకొచ్చింది. ఊఁ, కానియ్యి. ఆగాగు, ఆ గిలాస ఏడ పెడుతున్నవ్?"

"కడుగుత. పాలు తాగిన కద."

"కడిగిన నీళ్ళు మోరీల పొయ్యకు. గోలెంల పొయ్యి."

"రెండు చుక్కలు నానమ్మా."

"రెండు చుక్కలైనా పాలే. పాల నీళ్ళు కాళ్ళ కింద పడద్దు. మా అత్త నన్ను ఈ ఇంటికి తెచ్చిన దినమే చెప్పింది. గిలాసలు కడిగినవి, గిన్నెలు కడిగినవి, క్యాన్లు కడిగినవి, అన్ని కుడితి గోలెంలకే. బర్రె ఇచ్చింది బర్రె కడుపులకే పోవాలె. యాభై ఏండ్లయితుంది, ఈ ఇంట్ల ఒక్క చుక్క బయటికి పోలే. పోసినవా?"

"పోసిన."

"ఆఁ, గిప్పుడు చెప్పు. అదెట్ల తెలుస్తది, ఏది దానంతట అదే అయితదో, ఏది కాదో?"

"రెండు సంగతులు చూస్తరు. ఒకటి, వేడి బయటికి పోతుందా, లోపలికి గుంజుకుంటుందా. రెండు, దాంట్ల ఉన్న ముక్కలు చెదిరిపోతున్నయా, ఒద్దికగ సర్దుకుంటున్నయా. వేడి బయటికి పోయి, చెదురుడు కూడ ఎక్కువైందనుకో, ఇగ దాన్ని ఆపేటోడు లేడు."

"చెదురుడంటే?"

"ఇప్పుడు పాలల్ల నీళ్ళు పోసినవనుకో..."

"ఏయ్! మెల్లగ! పక్కింటోళ్ళింటరు."

"అనుకో అన్న నానమ్మా! కలిసిపోతయ్ కద? మళ్ళ నీళ్ళు నీళ్ళుగ, పాలు పాలుగ వాటంతట అవే ఇడిపోతయా?"

"ఇడిపోతుంటే మీ తాత గిరాకీలు ఏనాడో మన గడప తొక్కకపోతుండె."

"అదే చెదురుడంటే. కలుసుడు అల్కగ, ఇడదీసుడు కష్టం."

"ఇది మాకు సదువుకోకుండనే తెలుసు బిడ్డా. సరే, వేడి గుంజుకునేది ఎట్ల? మంచుగడ్డ వేడి గుంజుకుంటది కద, చేతుల పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటది. మరి అది దానంతట అదే ఎందుకు కరుగుతది?"

"శభాష్ నానమ్మా! ఇదే అడుగుతరు టెస్టుల. గడ్డల ముక్కలన్ని కట్టేసినట్టుంటయ్, నీళ్ళల్ల చెదిరిపోతయ్. బయట వెచ్చగ ఉంటే చెదురుడుదే జోరు, అందుకే కరుగుతది. బాగ సల్లగుంటే వేడిదే జోరు, అప్పుడు నీళ్ళే గడ్డకడతయ్. రెండిట్ల ఏది గెలుస్తదో లెక్క చూసుడే. దాన్ని డెల్టా జి అంటరు."

"జి అంటే ఎవ్వల పేరో ఉంటది."

"ఉంది, గిబ్స్ అని. ఇంకోటి, ఇది మస్తు ముఖ్యం. స్పాంటేనియస్ అంటే జల్ది అయ్యేది అని కాదు. మన గేటు తుప్పు పట్టుడు కూడ స్పాంటేనియస్సే, ఏండ్లు పట్టింది. గ్యాసు మండుడు కూడ అంతే, అయినా అగ్గిపుల్ల గీసేదాంక ఊకనే ఉంటది. వీణ మేడం ఏమన్నదంటే, అది ఎటు పోతదో లెక్క చెప్తది, ఎప్పుడు పోతదో చెప్పదు అన్నది."

"ఎవ్వలన్నరు?"

"ఏది?"

"ఏ మేడం అన్నవ్?"

"ట్యూషన్ మేడం."

"పేరు చెప్పినవ్ ఇప్పుడు."

"వీణ మేడం."

"శాలిబండ ట్యూషన్ల వైకుంఠం సారు చెప్తడంటివి?"

"ఆయన లెక్కలు చెప్తడు. కెమిస్ట్రీ వీణ మేడం. మాదన్నపేట నుంచి వస్తది."

"మాదన్నపేట నుంచా."

"ఊఁ. ఆకు కట్టియ్యనా నానమ్మా? సున్నం లేకుండనే కడత, నువ్వు తినేటట్టు."

"ఆకు సంగతి తర్వాత. రాజన్న బిడ్డనా?"

"నానమ్మా..."

"అవునా, కాదా?"

"అవును."

"ఎన్నొద్దుల సంది పోతున్నవ్?"

"జూన్ల చేరిన."

"మీ నాయినకు ఎరికేనా?"

"తెల్వదు. నాకు కూడ మొదట్ల తెల్వదు. అడ్రసు రాస్తుంటే లాల్‌దర్వాజా, పాలోళ్ళ కొండల్ మనవరాలివా అని అడిగింది."

"అడిగి?"

"ఏమనలే. ముందు బెంచీల కూసోమన్నది."

"ముందు బెంచీల కూసోమంటే కూసున్నవ్! నీకు సిగ్గు లేదా? ఈ ఇంట్ల తిని, ఆ ఇంటోళ్ళ ముందర కూసుంటవా? ఆమె నాయిన నా కొడుకు కండ్లు తీసిండు. మీ చిన్నాయనకు తొమ్మిదేండ్లు అప్పుడు. గాలిపటం ఎగిరేస్తే పతంగులోళ్ళే వచ్చి నేర్పుమని అడుగుతుండ్రి. ఈ గల్లీల ఎవ్వల సైకిల్ వస్తుందో మలుపు కాడి నుంచే చెప్తుండె. గిప్పుడు ముప్పై ఒకటి. గోడ పట్టుకొని నడుస్తడు. బర్రె పొదుగు చేత్తోని ఎతుక్కుంటడు. ఎవ్వల వల్ల?"

"నాకు ఎరికే నానమ్మా. చిన్నప్పటి సంది ఇంటనే ఉన్న."

"ఇని ఏం లాభం? ఇన్నదానివైతే ఆడికి పోకపోదువు."

"ఇంకోటి చెప్పాలె. లొల్లి చెయ్యకుండ ఇను."

"ఇంకా ఏముంది?"

"వెస్లీ అన్న గల్లీ మలుపు కాడ ఆటో పెట్టుకోని నిలబడ్డడు. నీ కోసం."

"ఏ వెస్లీ? రాజన్న కొడుకా? నా కోసమెందుకు?"

"రాజన్న తాతకు బాగలేదు. ఊపిరితిత్తులు పోయినయట. దవాఖానోళ్ళు ఇంటికి తీస్కపొమ్మన్నరు. రేపో ఎల్లుండో అన్నరట. నిన్ను ఒక్కసారి రమ్మంటున్నడు."

"నేనెందుకు రావాలె?"

"ఒక్క మాట కోసమట. సున్నంల నీళ్ళు నువ్వు పొయ్యలే రాజన్నా అని నీ నోటితోని అనాలె. అది ఇని పోతడట. ఇంకేమొద్దట."

"ఆహా! పోసిందెవ్వలు మరి, నేనా?"

"నేనట్ల అన్ననా?"

"మీ మేడం అన్నదా?"

"మేడం కూడ అనలే. రమ్మని చెప్పుమన్నది అంతే. వస్తే మా నాయిన నిమ్మలంగ పోతడు, రాకున్నా నువ్వు ట్యూషన్ మానకు అన్నది."

"మంచిగ మాట్లాడుతది. చదువుకున్నది కద. వాళ్ళమ్మ లీలమ్మకు మాట వస్తుండె కాదు. ఈ గడప కాడ కొంగు పట్టుకోని నిలబడ్డది, నోట్ల నుంచి ఒక్క మాట రాలే. ఈ వీణ అప్పుడు గింత, గౌను ఏసుకోని అమ్మ ఎనక దాక్కున్నది."

"ఎందుకు కొంగు పట్టింది?"

"కొట్టద్దని."

"ఎవ్వలను?"

"ఇంకెవ్వలను? రాజన్నను. మీ తాత, ఎదురింటి మల్లన్న, ఈ గల్లీ మొగోళ్ళంత. సున్నం కుంచె పట్టే చెయ్యి ఇరగ్గొట్టిన్రు. సామానంత రోడ్డు మీద ఏసిన్రు. అప్పుడు వాళ్ళు మన ఎనక గల్లీలనే కిరాయికుంటుండ్రి. ఇగ అంతే, మళ్ళ లాల్‌దర్వాజాల ఒక్క గోడ కూడ రాజన్న ముట్టలే. మాదన్నపేట మార్కెట్ల కూరగాయల సంచులు మోసిండంట ఒంటి చేత్తోని."

"నువ్వు ఆపలేదా?"

"నేను దవాఖానల ఉన్న బిడ్డా. నా కొడుకు కండ్ల మీద పట్టీలు కడుతున్నరు."

"వచ్చినంక?"

"వచ్చినంక ఏముంది? అప్పటికే అయిపోయింది."

"నానమ్మా, ఒకటి అడుగుతా?"

"వద్దు. బర్రెల యాళ్ళయింది."

"ఇంకా నాలుగు కాలే. ఆ దినం రాజన్న తాత నీళ్ళు ఎప్పుడు పోసిండు?"

"నాకెట్ల తెలుస్తది? పగటియాళ్ళ. సున్నం గడ్డలు డ్రమ్ముల ఏసిండు, నీళ్ళు పోసిండు, ఎవ్వలకు చెప్పకుండ పోయిండు. అంతే. ప్రతి ఏడు బోనాలకు ముందు ఆయనే వస్తుండె. నీలిమందు ఏసి తెల్లగ కొడితే గోడలు ఎన్నెల లెక్క మెరుస్తుండె. ఆ ఏడు నుంచి ఇంట్ల సున్నం లేదు, పెయింటే. ఆకుల కూడ ఏసుకోను నేను."

"పగటియాళ్ళ అంటే ఎంత?"

"రెండు కొట్టింది. అన్నం తినుమన్న, తర్వాత తింట వదినే అన్నడు."

"చిన్నాయనకు దెబ్బ తాకింది?"

"పొద్దు గూకంగ. దీపాలు పెట్టే యాళ్ళ."

"నాలుగు, అయిదు గంటలు."

"అయితే?"

"ఇయ్యాల క్లాసుల మేడం ఏం చేసిందో తెలుసా? కొబ్బరికాయంత సున్నం గడ్డ తెచ్చింది. ఇనుప గిన్నెల పెట్టి జరన్ని నీళ్ళు పోసింది. మొదట ఏం కాలే. అభిషేక్ అని ఒకడు, మేడం ఇది స్పాంటేనియస్ కాదు, సోమరి అన్నడు. అందరం నవ్వినం. జర సేపటికి గడ్డ పగిలింది, బుసబుస ఆవిరి. మంట లేదు, పొయ్యి లేదు. నన్ను పిలిచి గిన్నె దూరం నుంచి చూపించింది. వేడి అంత లోపల పట్టుకోని ఉంది నందినీ, గిప్పుడు దీని మీద ఇంకిన్ని నీళ్ళు పడితే మీదికి ఎగుస్తది, మొదటి నీళ్ళు కాదు, రెండో నీళ్ళు చెడ్డయి అన్నది."

"ఎందుకు నాకివన్ని?"

"ఇను. గంట క్లాసు. ఆఖరుకు గిన్నెల చెయ్యి పెట్టింది మేడం. వట్టి చెయ్యి. గోరువెచ్చగ ఉంది, అంతే. సల్లారింది."

"కొబ్బరికాయంత గడ్డకు సల్లారుతది. డ్రమ్ము సల్లారుతదా?"

"అది కూడ అడిగిన. అయిదు గంటలకు డ్రమ్ము వేడిగ ఉంటది, కాలుతది. ఎగురదు అన్నది. ఎగురాలంటే గప్పుడే నీళ్ళు పడాలె. నానమ్మా, మేడం కెమిస్ట్రీ ఎందుకు చదివిందో తెలుసా? ఈ ఒక్క లెక్క కోసం. మా నాయిన రెండింటికి పోస్తే ఏడింటికి అది ఎగురదు అని ఎవ్వలకన్నా చెప్పాలని. ఎమ్మెస్సీ దాంక చదివింది. చెప్పేతందుకే ఎవ్వలు దొరకలే."

"నువ్వు దొరికినవ్. మంచిగ పట్టింది ముందు బెంచీల. పాలోళ్ళ పిల్లను పట్టుకోని పాలోళ్ళ ఇంట్లనే నిప్పు పెడుతుంది."

"నిప్పు లేదు నానమ్మా. అదే చెప్తున్న. దానికి నిప్పు అక్కర్లేదు. నీళ్ళు కావాలె. పోసే చెయ్యి కావాలె."

"నోరు ముయ్యి."

"ఫోన్ మోగుతుంది. వెస్లీ అన్న."

"మోగనియ్యి."

"ఏం చెప్పాలె?"

"రాదని చెప్పు. మా ముసల్దానికి కాళ్ళనొప్పులని చెప్పు."

"అన్నా... ఆఁ అన్నా. ఇంకో పది నిమిషాలుండు. వస్తున్నం. ఆఁ, వస్తున్నం."

"వస్తున్నమని ఎవ్వలు చెప్పమన్నరు నిన్ను?"

"ఊపిరి ఎగబోస్తున్నడట. ఎడమ చేత్తోని గోడ మీద సున్నం కొడుతున్నట్టు ఊపుతున్నడట నానమ్మా. కుడి చెయ్యి లేవదు కద."

"ఎందుకు చెప్తవ్ నాకివన్ని? ఎందుకు చెప్తవ్?"

"డ్రమ్ము ఏడుండె ఆ దినం?"

"కొట్టంల."

"కొట్టంల ఏడ?"

"గోడ కాడ. గోడ గీకాలని గోలెం పక్కకు జరిపిన్రు, మీ తాత, రాజన్న కలిసి. ఇద్దరు మస్తు నవ్వుకుంట జరిపిన్రు, బర్రె కంటె బరువుంది ఇది అని. ఆ ఖాళీ జాగల డ్రమ్ము పెట్టిండు, గోనెపట్టా కప్పిండు."

"గోలెం జాగలనా?"

"ఊఁ."

"గోలెం మీద కూడ గోనెపట్టానే కప్పుతం కద మనం."

"పట్టా పట్టానే. ఈగలు పడకుండ."

"నానమ్మా, పొద్దుగూకంగ క్యాన్లు కడిగేది ఎవ్వలు అప్పట్ల?"

"బర్రెలు అరుస్తున్నయ్ చూడు."

"అరుస్తలేవు. ఎవ్వలు కడుగుతుండ్రి?"

"అందరు కడుగుతుండ్రి."

"అందరంటే?"

"నేనే."

"కడిగిన నీళ్ళు ఏడ పోస్తుంటివి?"

"రేపు టెస్టు అన్నవ్ కద, పోయి సదువుకో."

"నానమ్మా, ఇందాక నా గిలాస నీళ్ళు ఏడ పొయ్యమన్నవ్?"

"చూడు బిడ్డా, గా తలుపు ఎయ్యి."

"ఎవ్వలు లేరు. నాయిన షాపుల ఉన్నడు."

"అంజన్?"

"చిన్నాయన గుడికి పోత అన్నడు పగటియాళ్ళ."

"పోయిండా?"

"పోయే ఉంటడు. కట్టె గోడకు లేదు."

"అయినా తలుపు ఎయ్యి. ఇటు రా, దగ్గర కూసో. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు తిను. మీ నాయినకు చెప్పద్దు, అంజన్‌కు అసలే చెప్పద్దు. నా ఒంట్ల పానం ఉండంగ చెప్పద్దు."

"ఒట్టు."

"రాజన్న నీళ్ళు పొయ్యలే. పొడి గడ్డలే పెట్టి పోయిండు. నాకు చెప్పే పోయిండు. వదినే, రేపు పొద్దుగాల నేనొచ్చి పోస్త, ఎవ్వలు ముట్టద్దు, పిల్లలను రానియ్యకు అన్నడు. సరే రాజన్నా అన్న. నేనే అన్న, గీ నోటితోని."

"మరి?"

"మర్చిపోయిన. ఆ దినం రాణి తన్నింది. రాణి అంటే మన పాత ముర్రా బర్రె, కొమ్ములు రెండు సుట్లు తిరుగుతుండె. తన్నితే క్యాను పడ్డది, పాలు సగం కింద పోయినయ్. మీ తాత దొడ్డి అదిరేటట్టు లొల్లి చేసిండు. నీ పుట్టింట్ల బర్రెలుండెనా, మేకలుండెనా అన్నడు. నాకు ఏడుపొస్తుంది, కోపమొస్తుంది. దోమల కోసం ఏపాకు పొగ పెట్టినం, కొట్టమంత పొగ. వేడి నీళ్ళు పోసి క్యాన్లు కడిగిన. అప్పటికే ముప్పై ఏండ్లకు దగ్గరాయె పెండ్లయి, నా కాళ్ళకు తొవ్వ తెలుసు. చూసే పని లేదు. అయిదు అడుగులు, ఎడమ దిక్కు, పట్టా జరుపుడు, పోసుడు. పోసిన."

"డ్రమ్ముల."

"గోలెం అనుకోని."

"చిన్నాయన ఏడుండె?"

"వాకిట్ల ఆడుతుండె. ఉరికొచ్చిండు, వంగి చూసిండు. అంతే. తెల్లగ ఎగిసింది. పిల్లగాడు తెల్లగ అయిపోయిండు. అరవలే కూడ. నేను అరిసిన."

"ఎన్ని క్యాన్లు పోసినవ్?"

"ఒకటి. ఒక్క క్యాను బిడ్డా. ఒక్క క్యాను నీళ్ళు."

"ఒక్క క్యానుకే ఎగిసిందా? క్లాసులైతే మొదటి నీళ్ళకు ఊకనే..."

"వేడి నీళ్ళు కద! ఎగిసింది అంటున్న కద! నువ్వున్నవా ఆడ?"

"చిన్నాయన ఏమన్న అన్నడా? వంగి చూసినప్పుడు?"

"ఏమనలే. అనే యాళ్ళ ఏది?"

"సరే. తర్వాత?"

"మీ తాత ఉరికొచ్చిండు. దీంట్ల నీళ్ళెవ్వలు పోసిన్రు అని అరిసిండు. నా చేతుల క్యాను ఉంది. కింద పెట్టిన. రాజన్న అన్న."

"రాజన్న అని ఎట్ల అన్నవ్ నానమ్మా?"

"నేను అనలే బిడ్డా. అదే వచ్చింది. నువ్వు చదివినవ్ చూడు ఇందాక, దానంతట అదే. కొండకొన నుంచి రాయి దొర్లినట్టు వచ్చింది నోట్ల నుంచి. ఇంకెవ్వల పేరైనా వస్తుండెనేమో. రాజన్న మనోడు కాడు, ఎదురు మాట్లాడడు, ఆదివారం ప్రార్థనకు పోయేటోడు. అల్కగ వచ్చింది."

"ఒక్క దినం వచ్చింది. ఇరవై రెండేండ్లు?"

"ఇరవై రెండేండ్లు నేనే నడిపిన. గట్ల చూడకు. చూడకు నన్ను గట్ల. అడగాల్సింది ఇదే అయితే అడుగు, ఎందుకు చెప్పలే అని. మా అత్త ఉండె. మీ తాత ఉండె. కొడుకు కండ్లు తీసిన తల్లి అంటే ఇంట్ల ఉండనిస్తుండ్రా? అంజన్‌కు ఎవ్వలు తినిపిస్తుండ్రి? ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకున్న. రాజన్న చెయ్యి ఇరిగిందన్నరు, ఇగ చెప్పి ఏం లాభం అనుకున్న. మీ మేడమే చెప్పాలె, సల్లారిన సున్నాన్ని మళ్ళ గడ్డ చెయ్యొస్తదా?"

"చెయ్యొస్తది. బట్టీల పెట్టి ఎర్రగ కాల్చాలె. మస్తు వేడి కావాలె. వాటంతట అవి ఎనక్కి రావు."

"ఆ బట్టీకి భయమైంది నాకు."

"రాజన్న తాత బట్టీల లేడా ఇన్నేండ్లు?"

"కొట్టినట్టు మాట్లాడుతవ్ నువ్వు. మీ తాత పోలిక."

"మళ్ళ ఫోన్."

"ఎత్తకు. ఎత్తకు, ఇంకేమన్న చెప్తే నాకు కాళ్ళు రావు. ఆ చెప్పులు ఇటు తే. చీర మార్చను, ఇదే చాలు. పేడ వాసన వస్తే రానియ్యి, రాజన్నకు కొత్తనా? ఏమని మొదలు పెట్టాలె?"

"రాజన్నా, నేను రుక్మను అను. చాలు."

"వదినే అంటడేమో. అంటే ఎట్ల?"

"అంటే అంటడు. లే, చెయ్యియ్యి."

"ఆగు. అంజన్ వస్తే అడుగుతడు. మాదన్నపేట మార్కెట్‌కు పోయినం, కూరగాయలకని చెప్పు. ఫోన్ చేసి చెప్పు గిప్పుడే."

"కూరగాయలకు అంత దూరం ఎందుకమ్మా? నేనీడనే ఉన్న."

"చిన్నాయనా! నువ్వు గుడికి పోలేదా?"

"పోలేదు నందినీ. కొట్టంల గడ్డి ఏస్తున్న. గోడ ఇవతలనే."

"అంజన్... ఎప్పటి సంది ఉన్నవ్ బిడ్డా?"

"మంచుగడ్డ కాడి నుంచి. మంచిగ చెప్పింది నందిని."

"ఇన్నవా మరి? అంత ఇన్నవా?"

"ఇన్న. ఇన్నేండ్లు నువ్వు చెప్తవేమో అని చూసిన. అన్నం తినిపిస్తున్నప్పుడు, నెత్తికి నూనె పెడుతున్నప్పుడు. ఇప్పుడు చెప్తదేమో అనుకుంటుంటి. నువ్వు రాజన్నను తిట్టుకుంట తినిపిస్తుంటివి."

"నీకు ముందే ఎరికేనా? ఎరికయి కూడ ఊకున్నవా?"

"తొమ్మిదేండ్లోన్నమ్మా. కండ్లు లేవు. నీ చెయ్యి తప్ప నాకేముండె? నీ పేరు చెప్తే నిన్ను ఎల్లగొడ్తరు అనుకున్న. పెద్దగయినంక, రాజన్న మామ ముందర నిలబడే మొకం నాకు కూడ లేకపాయె."

"బిడ్డా, తెలిసి పొయ్యలే. నీ కాళ్ళు మొక్కుత. గోలెం అనుకున్న. పొగల కనబడలే. ఒక్క క్యాను నీళ్ళు..."

"పట్టా మీది నుంచి ఆవిరి వస్తుంటే ఉరికొచ్చిన. అమ్మా, కుడితి ఉడుకుతుంది అన్న."

"నువ్వేమనలే అంజన్. నువ్వు అనలే."

"ఆటలాడకు, జరుగు అన్నవ్."

"అంజన్..."

"నందినీ, నా చెయ్యి పట్టు, నేను కూడ వస్త. అమ్మా, ఆయన పోయే ముందర చెప్తున్నవ్, సరిగ్గ చెప్పు. ఒక్క క్యాను కాదు, రెండు. నా కండ్లు ఆఖరుకు చూసింది ఆ రెండోదాన్నే."